పులిచారల కూలి

నేను లండన్‌లో కేర్ వర్కర్‌ని. లేవలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి లేపడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం నా పని. మా ఏజెన్సీ పంపే ఇళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. ఒక ఇల్లు మాత్రం వేరు. అక్కడ ఉండేది నాటకాల నటి. నలభై దాటిన మనిషి, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ, అంటే ఒంటి కదలికలు అదుపులో ఉండవు, చక్రాల కుర్చీ. మాట ఒక్కో ముక్కగా, లాగి లాగి వస్తుంది. మొదట్లో ఆవిడ మాట నాకు సగమే తెలిసేది. మాది ఒడిశాలోని బరంపురం. నా బరంపురం ఇంగ్లీషు ఆవిడకు ఆ సగం కూడా తెలిసేది కాదు. అలా ఇద్దరి మధ్యా పెద్దా చిన్నా లేకుండా పోయింది.

ఆవిడకు రిహార్సల్స్ ఉన్న రోజుల్లో నా డ్యూటీ కూడా రిహార్సల్ గదిలోనే పడుతుంది. అక్కడ నటన కంటే ముందు నా కళ్లలో పడింది డబ్బు లెక్క. ఆవిడ ఒంటి అవసరాలు చూసేది నేను, నా గంటలకు డబ్బు వాళ్ల కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, నుంచి వస్తుంది. పని అవసరాలు చూసేది ఇంకో అమ్మాయి. స్క్రిప్టులో మార్పులు రాసిపెట్టడం, ఫోన్లు మాట్లాడటం, ఆవిడ మాట కొత్తవాళ్లకు అందకపోతే మళ్లీ చెప్పడం ఆమె పని. ఆమె జీతం ‘యాక్సెస్ టు వర్క్’ అనే ప్రభుత్వ పథకంలోంచి వస్తుంది. 1994 నుంచి ఉన్న పథకం. ఆఫీసు గుమస్తా అయినా, నాటకాల నటి అయినా, వైకల్యం వల్ల ఉద్యోగంలో అదనంగా పడే ఖర్చు కొంత సర్కారు భరిస్తుంది. ఈమధ్య దరఖాస్తులు నెలల తరబడి కదలడం లేదని ఆ గదిలో అందరూ తిట్టుకుంటూనే ఉంటారు. అయినా ఖర్చు ఖర్చేనని ఎవరో ఒప్పుకున్నారు కదా. మా ఊళ్లో అయితే ఈ రెండు పనులూ ఆ ఇంటి కోడలు చేసేస్తుంది, జీతం మాట ఎవరూ ఎత్తరు.

ఆవిడ కొత్త కంపెనీతో పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం పంపుతుంది. యాక్సెస్ రైడర్ అంటారు దాన్ని. గది గుమ్మానికి ర్యాంపు ఉండాలి, హాయిస్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) పట్టేంత బాత్రూమ్ ఉండాలి, రిహార్సల్ పదకొండుకు ముందు మొదలవకూడదు, విరామాలు ఇన్ని ఉండాలి, సాయంత్రం ట్యాక్సీ పెట్టాలి, మారిన డైలాగులు ముందురోజే పంపాలి. అందులో ఎక్కడా ‘దయచేసి’ లేదు. ఎందుకో చెప్పే కారణాలూ లేవు. సినిమా హీరో కారవాన్ అడిగినట్టు అడుగుతుంది, వాళ్లూ అలాగే తీసుకుంటారు. పదకొండుకు ఎందుకంటే, పొద్దున్న ఆవిడ తయారవడానికి నాకు మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ నాటకంలో భాగమేనని లెక్క.

ఇక ప్రదర్శన రోజు పనులు వేరు. చూపులేని ప్రేక్షకులను ఆట మొదలవక ముందే స్టేజీ మీదికి తీసుకొస్తారు. కుర్చీలు, తెరలు, దుస్తులు చేత్తో తడిమి చూస్తారు. ఒకాయన మా నటి చక్రాల కుర్చీ చువ్వలకు కట్టిన జరీ గుడ్డ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అది నేను ఇచ్చిన బరంపురం పట్టు చీర అంచు, ఈ గొప్ప మాత్రం చెప్పుకోవాలి. ఆటలో చెవిలో పెట్టుకునే యంత్రం లోంచి స్టేజీ మీద జరిగేది చెబుతుంటారు. పక్కన తెర మీద మాటలు అక్షరాలుగా పడతాయి. కొన్ని ఆటలను ‘రిలాక్స్‌డ్’ అంటారు. వాటిల్లో లైట్లు పూర్తిగా ఆర్పరు, మధ్యలో లేచి బయటికి వెళ్లి రావచ్చు, గట్టిగా నవ్వినా, అరిచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఆటిజం ఉన్న పిల్లల కోసం అలా పెట్టారు. నాకైతే మా ఊరి వీధినాటకాలే గుర్తొచ్చాయి, అక్కడ ఎప్పుడూ అంతే కదా.

ఇదంతా ఎవరో మంచి మనసుతో ఇచ్చారనుకుంటే పొరపాటు. టీ విరామాల్లో పెద్దవాళ్లు చెప్పే కథలు వేరు. ఇక్కడ 1988, 1990, 1992లో ఐటీవీ అనే టీవీ సంస్థ ఒక రోజుకు పైగా ఏకబిగిన కార్యక్రమం పెట్టి, వికలాంగుల కోసమని చందాలు వసూలు చేసింది. పాటలు, ఆటలు, మధ్యమధ్య కన్నీళ్లు పెట్టించే కథలు. 1990లోనూ 1992లోనూ వికలాంగులే వందలమంది చక్రాల కుర్చీల్లో ఆ స్టూడియో ముందు బైఠాయించారు. జాలిని ఏం చేయాలో బూతుమాటతో చెప్పే టీషర్టులు వేసుకుని పాటలు పాడారు. 1992 తర్వాత ఆ కార్యక్రమం మళ్లీ రాలేదు. 1995లో వివక్షకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. ఆ బైఠాయింపుల్లో పాటలు రాసినవాళ్లు, కార్టూన్లు వేసినవాళ్లు, మైకులో జోకులు చెప్పినవాళ్లే ఇక్కడి వికలాంగుల కళా ఉద్యమానికి ముందుతరం. నాటకాల్లో అయితే అంతకు ముందే 1980లో గ్రేఐ అనే సంస్థ పుట్టింది. వికలాంగ నటులను స్టేజీ నడిమధ్యకు తేవాలన్నది దాని పట్టు. 1997లో దాని పగ్గాలు తీసుకున్న జెన్నీ సీలీకి చిన్నప్పుడే వినికిడి పోయింది. 2012లో పారాలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని ఇంకొకరితో కలిసి నడిపించింది ఆవిడే.

ఆ ప్రారంభోత్సవంలో ఇయాన్ డ్యూరీ పాట వేశారట. అది విన్నాకే నేను ఇంటికి ఫోన్ చేసి తమ్ముడితో ఈ సంగతులన్నీ మాట్లాడటం మొదలుపెట్టాను. డ్యూరీకి ఏడేళ్లప్పుడు పోలియో వచ్చింది. పెద్ద రాక్ గాయకుడయ్యాడు. ఐక్యరాజ్యసమితి 1981ని వికలాంగుల సంవత్సరంగా ప్రకటిస్తే, ఆ జాలి మాటలకు ఒళ్లు మండి ఒక పాట కట్టాడు. వినడానికి ఇబ్బందిగా ఉందని బీబీసీ దాన్ని పక్కన పెట్టింది. 2012లో, ఆయన పోయిన పన్నెండేళ్లకు, మా ఈస్ట్‌హామ్ పక్కనే ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ స్టేడియంలో లోకమంతా చూస్తుండగా అదే పాట మోగింది.

తమ్ముడికీ పోలియోనే. కుడికాలు సన్నబడిపోయింది, కాలిపర్ తొడిగి కర్రతో నడుస్తాడు. వాడు విని, “మరి ఆయనకి పాటకి డబ్బులిచ్చారా అప్పా?” అన్నాడు. అప్ప అంటే మా వైపు అక్క.

వాడి ప్రశ్న అర్థం కావాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. బరంపురంలో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశీబెహరా వీధిలో నెలరోజులపాటు కొలువుంటుంది. దేశీబెహరా కుటుంబం మా దేరా నేతగాళ్లకు పెద్ద. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, అదీ మా వాళ్ల బతుకు. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు వైపు నుంచి ఇటు వచ్చినప్పటి నుంచీ అంతే. యాత్రలో మొక్కులున్నవాళ్లు రకరకాల వేషాలు కడతారు. అన్నిటికంటే గిరాకీ పులివేషానికి. ఒంటినిండా పసుపు రంగు, నల్లచారలు, వెనక డప్పులు.

ఆ చారలు గీసేది మా తమ్ముడు. ఒకప్పుడు కొట్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. యాత్ర నెలలో మాత్రం పులులన్నీ వాడి దగ్గరికే వస్తాయి. వాడు గీసిన పులి నడిస్తే భుజం దగ్గర చారలు ముడుచుకుని విచ్చుకుంటాయి. కండ ఎక్కడ కదులుతుందో ముందే చూసి గీస్తాడు. తన కాలు ఎలా కదలదో చిన్నప్పటి నుంచి చూసుకున్నవాడికి అది తెలియడంలో వింతేముంది అని ఒకసారి అన్నాడు. నేను ఏం మాట్లాడలేకపోయాను.

డప్పులవాళ్లకు బేరం ముందే కుదురుతుంది. వీడికి మాత్రం చివర్లో ఎంతో కొంత చేతిలో పెడతారు. “అమ్మవారి సేవ కదా” అంటారు. “పాపం, వాడికీ ఒక కాలక్షేపం” అని వాడి ముందే అంటారు. రంగులు వాడి డబ్బుతోనే. నిలబడ్డ మనిషి ఛాతీ మీద గీయాలంటే వీడు ఒక చేత్తో కర్ర పట్టుకుని, గోడకు ఆనుకుని గీయాలి. రాత్రంతా అలా గీసి పొద్దున్నకు నడుము పట్టేసి పడుకుంటాడు. పులుల ఫోటోలు పేపర్లో వస్తాయి.

మా జిల్లా వాళ్లకు ఈ కథ కొత్త కాదు. 2009లో ప్రిన్స్ డాన్స్ గ్రూప్ టీవీ పోటీలో దేశంలో మొదటి బహుమతి తెచ్చినప్పుడు బరంపురం రోడ్ల మీద పండగే. కృష్ణమోహన్ రెడ్డి తయారుచేసిన జట్టు అది. చాలామంది కూలిపనులు చేసుకునే కుర్రాళ్లు, వాళ్లలో ఇద్దరు వికలాంగులు. ఒంటికి వెండిరంగు పూసుకుని దేవుళ్ల రూపాలు కట్టేవారు. మేమంతా టీవీ ముందు ఏడ్చాం. తమ్ముడు ఒక్కడే ఏడవలేదు. ఒకరి మీద ఒకరు ఎక్కి రూపం కడుతుంటే కింద ఎవరు ఎంత బరువు మోస్తున్నారు, ఏ కాలు ఎక్కడ ఆనించారు అని వేలు పెట్టి చూపిస్తూ కూర్చున్నాడు. “కూలోళ్లు, కుంటోళ్లు అని ఊరికే చెప్తున్నారు గానీ, అప్పా, ఆ కట్టు ఎంత కష్టమో ఎవడూ చెప్పట్లేదు” అని విసుక్కున్నాడు. ఇప్పుడు లండన్‌లో నాటకం మీద సమీక్ష వచ్చినప్పుడల్లా మా నటి వెతికేది కూడా అదే. ‘ధైర్యం’, ‘స్ఫూర్తి’ అని రాసినవాడి సమీక్ష పక్కన పడేస్తుంది. రెండో అంకం సాగిందని రాసినవాడితో వాదనకు దిగుతుంది.

లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2005 నుంచి 2007 దాకా ఒక పాలరాతి విగ్రహం ఉండేది. పదకొండడుగుల పైనే ఎత్తు. చేతులు లేకుండా, పొట్టి కాళ్లతో పుట్టిన అలిసన్ లాపర్ గర్భిణిగా కూర్చున్న రూపం. చెక్కింది మార్క్ క్విన్. అప్పట్లో దాని మీద ఊరంతా రెండుగా చీలి పోట్లాడుకున్నారట, ఆ చోట ఇలాంటి రూపమా అని. మా నటి ఫిర్యాదు ఇంకోటి. లాపర్ స్వయంగా చిత్రకారిణి, ఆమె బొమ్మల గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది అని. నేను మా జగన్నాథుడి ఫోటో చూపించాను. చేతులు పూర్తికావు, పాదాలు లేవు, ఇంత కళ్లు. తలుపు ముందే తెరిచారని శిల్పి వదిలేసి వెళ్లిపోయిన కథ చెప్పాను. ఆవిడకు కథ నచ్చింది. “మరి గుడిలోకి ర్యాంపు ఉందా?” అని అడిగింది. పూరీలో బైసి పహాచ, ఇరవై రెండు మెట్లు. చిన్నప్పుడు తమ్ముణ్ణి నాన్న ఎత్తుకుని ఎక్కించాడు, పెద్దయ్యాక వాడు కిందే ఉండిపోయాడు. రథయాత్రకు మాత్రం వెళ్తాడు, అప్పుడు దేవుడే మెట్లు దిగి వస్తాడు కాబట్టి.

నా లెక్క కూడా చెప్పకపోతే ఈ కథ ఒంటికాలి మీద నిలబడినట్టు ఉంటుంది. ఆ గదిలో నటుల విరామానికి డబ్బుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నేను బస్సులో వెళ్లే సమయానికి డబ్బు లేదు. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు మొగుణ్ణీ పిల్లల్నీ తెచ్చుకోకూడదని రూలు పెట్టారు, నేను ఆ తర్వాతే వచ్చాను. మా అమ్మాయి బరంపురంలో అత్తగారి దగ్గర పెరుగుతోంది. వీసా ఏజెన్సీ చేతిలో ఉంది కాబట్టి గట్టిగా అడగాలంటే టెన్షన్. ఆ గదిలో ఒకసారి తలెత్తి చూశాను, తినిపించేవాళ్లం, కుర్చీ తోసేవాళ్లం అందరం జింబాబ్వే, నైజీరియా, కేరళ, బరంపురం. వీళ్లు పోరాడి తెచ్చుకున్న హక్కు మా చేతుల మీదుగా నడుస్తోంది. ఇది నేను మా నటికి చెప్పాను కూడా. ఆవిడ నొచ్చుకోలేదు. బస్సు సమయం విడిగా రాసిపెట్టుకోమంది, యూనియన్ ఫారం ప్రింటు తీయించి ఇచ్చింది. తర్వాతి నాటకం రైడర్‌లో ‘నాతో వచ్చే కేర్ వర్కర్‌కు కూర్చోడానికి కుర్చీ, వేడి భోజనం’ అని ఒక లైను చేర్చింది. ఫారం నింపాను. బస్సు డబ్బు ఇంకా రాలేదు.

ఆ రైడర్ ఫోటో తీసి తమ్ముడికి వాట్సాప్‌లో పంపి, ఫోన్‌లో తెలుగు చేసి చదివాను. “ఏటప్పా, రంగులేసేవోడికి అగ్రిమెంటా?” అని నవ్వాడు. వారం తిరక్కుండా తనే ఒకటి రాశాడు, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. రంగుల డబ్బు నెల ముందు ఇవ్వాలి. పులికి ఇంత అని కూలి. గీసే చోట వీడికి వీపు ఆన్చుకునే ఎత్తు స్టూలు, పులి నిలబడటానికి బల్ల. రాత్రి పన్నెండు దాటితే గీయడు. చివర్లో, ‘పాపం అన్నవాడికి చారలు వంకరగా వస్తాయి’ అని రాశాడు, అది తీసెయ్యమని అమ్మ గొడవ.

ఒక జట్టు మాట్లాడకుండా ఒప్పుకుని అడ్వాన్సు ఇచ్చింది. ఇంకో జట్టు పెద్ద కోపం తెచ్చుకుని వేరేవాణ్ణి చూసుకుంటానని వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు, రాకపోవచ్చు కూడా. మూడో జట్టుతో బేరం నడుస్తోంది. పులికి వంద తగ్గించమంటున్నారట. పెద్దపులికి తగ్గేది లేదు, పిల్లపులికైతే చూద్దాం అన్నాడు మా వాడు.