ప్రార్థన మనవి

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక ఊరు. 2013లో షట్టరింగ్ వడ్రంగిగా దుబాయి వెళ్లేటప్పుడు ఏజెంటుకు కట్టిన 70 వేల రూపాయలను నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాను కాబట్టి, అక్కడ జీతం చేతికి వచ్చినా రాకపోయినా ఇక్కడ నెలకు 2,100 రూపాయల మిత్తి పెరుగుతూనే ఉండేది. మరుసటి ఎండాకాలంలో కంపెనీ వరుసగా మూడు నెలలు జీతాలు ఆపింది.

మా ఇంట్లో అందరం ఎం.బి. (మెన్నొనైట్ బ్రెదరెన్) చర్చికి పోయేవాళ్లమే గాని, ప్రార్థన అమ్మ పని అనుకునేవాణ్ణి. ఆ ఎండాకాలంలో మాత్రం, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదన్న నిబంధన పుణ్యమా అని దొరికే విరామంలో, ప్లైవుడ్ చెక్కల నీడన పడుకొని, చిన్నప్పుడు కంఠతా పట్టించిన 121వ కీర్తనను లోలోపల చెప్పుకోవడం మొదలుపెట్టాను. పగటి ఎండదెబ్బ తగలదన్న మాట అందులో ఉంది. మేకు పట్టుకుంటే వేళ్లు కాలే చోట ఆ మాట మరో రకంగా వినిపిస్తుంది.

దుబాయిలో ఊద్ మేథా అనే ప్రాంతంలోని హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా గదులు పంచుకొని ఆరాధన చేసుకుంటాయి. అప్పట్లో అక్కడ వారపు సెలవు శుక్రవారం కావడంతో ఆరాధన కూడా ఆ రోజే ఉండేది; శని, ఆదివారాల సెలవు 2022లో గాని రాలేదు. శుక్రవారం చర్చి ఏమిటని అమ్మ చాలా రోజులు నమ్మలేదు.

తెలుగువాళ్ల కూడికలో చివరన ఒక్కొక్కరు లేచి ప్రార్థన మనవి చెప్పాలి. మొదటి రెండు వారాలు అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి కూర్చున్నాను. జీతం రావడం లేదని ఒప్పుకోవడం మాకు ఎంత నామోషీ అంటే, ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకొని పడుకునే పన్నెండు మందిమీ ఇంటికి ఫోన్ చేయాలంటే మెట్ల కిందికి పోయి, అంతా బాగుందని అబద్ధమాడేవాళ్లం. మూడో శుక్రవారం లేచి ఉన్నమాట చెప్పేశాను. అందరూ కళ్లు మూసుకొని ప్రార్థించారు. తరువాత కోనసీమకు చెందిన ఒక పెద్దాయన, చాలా ఏళ్లుగా అక్కడ డ్రైవరు, నన్ను పక్కకు పిలిచి, జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించాలన్న విధానం 2009 నుంచి ఉందని, జమ కాని నెలలు ఖాతాలోనే కనిపిస్తాయని, కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడానికి భయపడవద్దని చెప్పి, వెంట వచ్చారు. రెండు నెలల జీతం వచ్చింది, మూడోది రాలేదు.

దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పమంటే చెప్పాను గాని, నా లెక్క వేరు. నేను పైకి అనకపోతే ఆ పెద్దాయనకు తెలిసేదే కాదు. ప్రార్థన కాకపోతే నేను పైకి అనేవాణ్ణే కాదు.

బాగున్నానని నేను చెప్పిన ప్రతిసారీ అమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక వేస్తోందని చెల్లె చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగేది కాదు. ఆ మూడో శుక్రవారం రాత్రే ఫోన్ చేసి నిజం చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు.

“మూడు నెలల సంది పైసలు రాకపాయె, నాకు తెల్వదా బిడ్డా? నేను కానుకేసింది నువ్వు పానంతోని ఉన్నందుకు.”