ఉప్పు పోయిన మట్టి

మాది శ్రీకాకుళం జిల్లాలో నౌపడ దగ్గర పల్లె. తాత ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. మడి అడుగు బంకమట్టిని రోజుల తరబడి కాళ్లతో తొక్కి, నీరు ఇంకకుండా గట్టిపరిచేవాడు. ఆయన మనవరాలిని నేను. నార్వేలో మట్టిని పరీక్షించే ఉద్యోగంలో, మట్టిని కదిలించాలంటేనే భయపడుతున్నాను.

చేరిన మొదటి వారంలో మా పైఅధికారిణి ఒక ముద్ద నా ముందు పెట్టింది. పాలకోవా బిళ్లలా అంచులు నిలబెట్టుకుని ఉంది. గిన్నెలో వేసి గరిటెతో కలిపితే మజ్జిగ పులుసులా జారిపోయింది. చుక్క నీరు పోయలేదు. అందులోనే కాస్త ఉప్పు వేసి మళ్లీ కలిపింది. ముద్ద కట్టింది! దీన్ని ‘క్విక్ క్లే’ అంటారు. మంచుయుగం చివర సముద్రపు అడుగున పేకమేడలా పేరుకున్న మట్టి ఇది. మంచు బరువు తగ్గాక నేల పైకి లేచింది, వేల ఏళ్లపాటు మంచినీరు దానిలోని ఉప్పును కడిగేసింది. మేడ మిగిలింది, పట్టు పోయింది. 2020 డిసెంబరు 30 తెల్లవారుజామున నార్వేలోని యార్‌డ్రుమ్‌లో ఇలాంటి నేలే ఇళ్లతో సహా జారిపోయి 10 మంది చనిపోయారు. వాలు అడుగును ఒక చిన్న వాగు కోస్తూ వచ్చిందట.

నాన్నకు ఫోనులో చెబితే ఆయన అన్నాడు: ‘‘మనకు ఉప్పు తగిలితే చేను పోతుంది. అక్కడ ఉప్పు పోతే కొండ పోతుందా తల్లీ?’’ ట్రోండ్‌హైమ్ దగ్గర బావుల్లో పొటాషియం క్లోరైడ్ నింపి మట్టిని గట్టిపరిచే ప్రయోగం చేశారని చెప్పాను. ‘‘అది మన పొటాష్ ఎరువే కదా!’’ అని తెగ సంబరపడ్డాడు.

నా అసలు పని కంప్యూటర్‌లో. బరువు పడితే మట్టి ఎంత కుంగుతుందో, ఎప్పుడు తెగుతుందో సమీకరణాల్లో పెట్టాలి. 1968లో కేంబ్రిడ్జిలో రూపొందిన ‘మాడిఫైడ్ కామ్ క్లే’ అనే గణిత నమూనాతోనే అందరమూ మొదలుపెడతాం. అయితే దాని వెనకున్న ప్రయోగాలు ఎక్కువగా నీటితో బాగా కలిపి తయారుచేసిన మట్టి మీద జరిగాయి. తాత తొక్కిన మడికి అది చక్కగా సరిపోతుందేమో. పేకమేడ కూలడం మాత్రం దానికి తెలియదు, విడిగా నేర్పాలి.

నేను ఆ నేర్పే పనిలో మూడు వారాలు తగలేశాను. ప్రయోగంలో మట్టి బలం ఎప్పుడూ తక్కువే వచ్చేది. అంకెలు సవరించి సవరించి కంప్యూటర్ గీతను ప్రయోగానికి కలిపాను, గర్వంగా చూపించాను కూడా. పైఅధికారిణి గ్రాఫు వైపు చూడనే లేదు, ఆ మట్టి వచ్చిన రోజు చిట్టా తెరిచింది. మట్టిని తెచ్చిన గొట్టం వ్యానులో దొర్లిందట. అంటే నేను కొలిచింది కొండను కాదు, రోడ్డు గుంతలను.

నాన్న సలహా: ‘‘గుడ్ల బుట్టలా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకో.’’

ఇప్పుడు గొట్టాల కింద మెత్తని పరుపు వేయించి, వ్యానులో పక్కనే నేను కూర్చుంటున్నాను. డ్రైవరు నన్ను చూసి నవ్వుతాడు. గుంతల దగ్గర మాత్రం బండి నిదానిస్తాడు.