ఆర్.ఏ. ఫ్యాక్టర్ పాజిటివ్ అంటే కీళ్లవాతమేనా?

పోయిన ఏడాది వేసవిలో మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. సీతమ్మధారలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ల్యాబ్‌లో ప్యాకేజీ కింద చేయించిన రక్తపరీక్షల్లో, ఏ డాక్టరూ రాయకుండానే, ఆర్.ఏ. ఫ్యాక్టర్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) కూడా కలిసి వచ్చింది. 20 లోపు ఉండవలసిన అంకె 38 ఉండటం చూసి, రిపోర్టు ఇచ్చిన అబ్బాయి "మీకు కీళ్లవాతం ఉందమ్మా" అనేశాడు. ఆ మాటతో ఆవిడ వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. వేళ్లు వంకరపోయి ముద్ద కలుపుకోలేకపోయిన తన మేనత్తనే తలచుకుంటూ ఉండిపోయారు.

మేము వెళ్లిన కీళ్ల వైద్యురాలు ముందు రిపోర్టు చూడలేదు. అత్తగారి మణికట్లూ వేళ్ల కణుపులూ ఒక్కొక్కటిగా నొక్కి చూశారు. పొద్దున లేవగానే బిగుతు ఎంతసేపు ఉంటుందని అడిగారు. వాపు లేదు, బిగుతు పది నిమిషాలకు మించి ఉండదు, మెట్లెక్కితేనే నొప్పి. ఎక్స్‌రేలో తేలింది మోకాలి అరుగుదల. కీళ్లవాతాన్ని, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను బాగా పట్టి ఇచ్చే యాంటీ సీసీపీ పరీక్ష కూడా నెగటివ్ వచ్చింది.

మరి ఆ 38 ఎక్కడిది? డాక్టరుగారు ఓపికగా చెప్పిన సమాధానాన్ని ఇంటికి వచ్చాక నేను మరికొంత చదివి తెలుసుకున్నాను. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అంటే మన శరీరం సూక్ష్మజీవులతో పోరాడే తన సొంత ఐజీజీ రకం యాంటీబాడీల తోకభాగానికి ఎదురుగా తయారుచేసుకునే మరో యాంటీబాడీ. నార్వేకు చెందిన ఎరిక్ వాలర్ 1940లో, అమెరికాలో హారీ రోజ్ బృందం 1948లో దీనిని కీళ్లవాత రోగుల రక్తంలో గుర్తించడం వల్ల ఆ జబ్బు పేరే దీనికి స్థిరపడిపోయింది. నా దృష్టిలో సగం గందరగోళానికి మూలం ఈ పేరే. ఏదైనా సూక్ష్మజీవి ఒంట్లో చాలాకాలం తిష్ఠ వేసినప్పుడు, దానికి అతుక్కున్న యాంటీబాడీల గుంపులను ఊడ్చివేయడానికి కూడా శరీరం ఈ ఫ్యాక్టర్‌ను తయారుచేస్తుంది. అందుకే క్షయ, కుష్ఠు, సిఫిలిస్, మలేరియా, గుండె కవాటాలకు పట్టే ఇన్‌ఫెక్షన్, అన్నిటికంటే ముఖ్యంగా కాలేయానికి పట్టే వైరస్ జబ్బు హెపటైటిస్ సి ఉన్నవారిలో ఇది పాజిటివ్ రావచ్చు. కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బులోనైతే సగానికి పైగా రోగుల్లో కనిపిస్తుంది. శరీరం తన మీద తానే దాడి చేసుకునే లూపస్ జబ్బులోనూ, కొన్ని ఊపిరితిత్తుల, కాలేయ వ్యాధుల్లోనూ ఉంటుంది. ఏ జబ్బూ లేకుండా వయసు పైబడినంత మాత్రాన కూడా పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. వెయ్యి మందిలో పది మందికి కీళ్లవాతం ఉందనుకుంటే, వారిలో ఏడెనిమిది మందికి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. మిగిలిన 990 మందిలో నూటికి అయిదుగురికి వచ్చినా దాదాపు యాభై మంది తేలతారు. అంటే లక్షణాలు చూడకుండా అందరికీ ఈ పరీక్ష చేస్తే, పాజిటివ్ వచ్చినవారిలో ఎక్కువమందికి ఆ జబ్బే ఉండదు. ప్యాకేజీల్లో దీనిని చేర్చడం నాకు అన్యాయంగా తోచేది ఇందుకే. మరోవైపు, కీళ్లవాతం నిజంగా ఉన్నవారిలోనూ కొందరికి నెగటివ్ వస్తుంది కనుక, వాపూ బిగుతూ ఉన్నవారు ఆ ఒక్క కాగితం చూసి ఊరుకోకూడదు.

అయితే దీనిని 'తప్పుడు పాజిటివ్' అని కొట్టిపారేయడం కూడా సరికాదని మా ఇంట్లోనే తెలిసింది. రక్తంలో ఆ యాంటీబాడీ ఉన్నమాట నిజమే, దానికి మనం చెప్పుకున్న కారణమే తప్పు. డాక్టరుగారు "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అమ్మా?" అని అడిగారు. 1994లో గర్భసంచి ఆపరేషన్‌కు రెండు సీసాలు ఎక్కించారని అత్తగారు చెప్పారు. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. పరీక్ష చేయిస్తే ఆ వైరస్ ఉన్నట్లు తేలింది. ఒంట్లో ఏ సూచనా లేకుండా అన్నేళ్లు కాలేయంలో ఉండిపోయిందని విని మేమంతా నిర్ఘాంతపోయాం.

పన్నెండు వారాలు మాత్రలు వాడారు. ఆపిన మరో పన్నెండు వారాలకు చేసిన పరీక్షలో వైరస్ కనిపించలేదు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ మళ్లీ చేయిద్దామా అని నేను అడిగితే, వైరస్ పోయినా అది కొంతకాలం మిగిలిపోవచ్చని, ఆ అంకెతో ఇక పనిలేదని డాక్టరుగారు అన్నారు. అత్తగారు ఇప్పుడు ఉదయం కుర్చీలో కూర్చుని, చెప్పిన ప్రకారం మోకాలి వ్యాయామం చేసుకుంటున్నారు.