చినుకు పడకుండానే తడిసొచ్చాం

కోస్టారికా అంటే అందరూ బీచ్‌లకి పోతారు, మేం మాత్రం పిల్లల సెలవుల్లో కొండెక్కాం, మోంటెవెర్దే అనే మబ్బుల అడవికి. పొద్దున్నే రిజర్వ్ గేటు దగ్గరికి వెళ్ళేసరికి వాన అనుకుని అందరం రెయిన్‌కోట్లు వేసేసుకుంటే గైడు నవ్వాడు, ఇది వాన కాదండీ అని. నిజమే, ఖాళీ జాగాలో చెయ్యి చాపితే చినుకే లేదు, చెట్టు కిందికెళ్తే మాత్రం నెత్తిమీద టపటపా! కరీబియన్ సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కొండెక్కుతూ చల్లబడి మబ్బైపోతుందట, ఆ మబ్బు అడవిలోంచి వెళ్తుంటే ఆకులూ నాచూ దాంట్లోని తడి పట్టేసి కిందికి కారుస్తాయన్నమాట. ఒక్కో కొమ్మ మీద నాచు, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు... అసలు ఆ చెట్టు సొంత ఆకు ఏదో కనిపెట్టడానికే టైం పట్టింది నాకు. మన లంబసింగి మంచైతే ఎండెక్కగానే పోతుంది, ఇక్కడ మధ్యాహ్నమైనా అలానే ఉంది.

ఈ అడవి మిగిలిన కథ ఇంకా బావుంది. కోస్టారికా 1948లో సైన్యాన్నే తీసేసింది కదా, యుద్ధమంటే పడని క్వేకర్లు (ఓ క్రైస్తవ శాఖవాళ్ళు) కొన్ని కుటుంబాలు అమెరికాలోని అలబామా నుంచి 1951 ప్రాంతంలో ఇక్కడికొచ్చేశారు, మిలిటరీలో చేరమంటే చేరమని జైలుకెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు వాళ్ళలో. ఆవుల్ని పెట్టుకుని చీజ్ చేసి బతికారు, మేతకోసం కింద చెట్లు కొట్టారు గానీ పైన వాగులు పుట్టేచోట మాత్రం ముట్టుకోలేదు, పక్షుల కోసం కాదు, నీళ్ళ కోసం! మా తాతయ్య కూడా చెరువు గట్టు మీద కొమ్మ విరిచినా ఊరుకునేవాడు కాదు, ఆయనకేం ఎకాలజీ తెలుసు పాపం. రిజర్వ్ అయ్యింది 1972లో.

ఇంత కాపాడినా బంగారు కప్ప పోయింది. నిండు నారింజ రంగులో ఉండేది, ప్రపంచం మొత్తంలో ఈ కొండల్లోనే ఉండేదట. 1987లో నీటి గుంటల దగ్గర 1500కి పైగా కనిపించాయి, 1989లో ఒకే ఒక్క మగకప్ప, అంతే, మళ్ళీ ఎవరికీ కనపళ్ళేదు. ఫంగస్ అంటారు, ఎల్ నినోకి, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణం తారుమారైనప్పుడు, గుంటలెండిపోయాయంటారు. చెట్టు కొట్టలేదు, వేటాడలేదు, అయినా పోయింది... గైడు చెప్తుంటే మా పిల్లలు కూడా గోల ఆపేశారు.

క్వెట్జాల్ అనే పక్షి కోసం మెడలు నొప్పెట్టేదాకా చూశాం, రాలేదు. అది మింగి గుజ్జు అరిగాక కక్కేసిన అడవి అవకాడో గింజ ఒకటి దొరికింది, మా చిన్నది జేబులో వేసుకోబోతే గైడు వద్దన్నాడు, ఇక్కణ్ణుంచి ఏదీ పట్టుకెళ్ళకూడదట. తడి సాక్సులు మాత్రం తెచ్చుకున్నాం, మూడ్రోజులైనా ఆరలేదు.