నీళ్ళు ఎత్తుకు పారిన చోట

లడఖ్‌లో లేహ్ నుంచి కార్గిల్ వెళ్ళే దారిలో ముప్పై కిలోమీటర్ల లోపే మ్యాగ్నెటిక్ హిల్ వస్తుంది. రోడ్డు మీద పసుపు గీతలతో ఒక చదరం గీసి ఉంటుంది, బండిని అందులో ఆపి న్యూట్రల్‌లో పెడితే దానంతటదే ఎత్తు ఎక్కుతుందని అంటారు. మా డ్రైవర్ అలాగే పెట్టి, బ్రేక్ మీంచి కాలు తీసేసి, చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత బండి మెల్లగా కదిలింది, ఎదురుగా కనిపిస్తున్న ఎత్తు వైపుకే! నాకు ఒళ్ళు ఝల్లుమంది.

నాన్న మాత్రం దిగి రోడ్డు పక్కన గొంతుకూర్చున్నాడు. తెనాలి చుట్టుపక్కల ముప్పై అయిదేళ్ళు మేస్త్రీగా పనిచేసిన మనిషి, ఆయన్ని విమానం ఎక్కించి ఇంత దూరం తీసుకురావాలని నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక. డ్రైవర్ "కొండలో అయస్కాంతం ఉంది" అని హిందీలో చెబుతుంటే నేను తెలుగులోకి మార్చి చెప్పాను. నాన్న నా చేతిలో నీళ్ళ సీసా తీసుకుని తారు మీద కాసిని ఒలకబోశాడు. సన్నటి ధార, దుమ్ముని ముందుకు నెట్టుకుంటూ, అదీ ఎత్తు వైపుకే పాకింది.

"అయస్కాంతమైతే నీళ్ళని కూడా లాగుద్దా? ఇది పల్లం రా."

అంతే. ఆ రోడ్డు నిజంగా దిగుడే. చుట్టూ ఉన్న కొండవాలులు దానికంటే ఎక్కువగా వాలి ఉంటాయి, నేలా ఆకాశం కలిసే గీత ఎక్కడా కనపడదు, దాంతో ఏది మట్టమో తేల్చుకోవడానికి కంటికి ఆధారం దొరక్క, అది ఆ వాలుల్ని బట్టే లెక్క వేసుకుని దిగుడుని ఎక్కుడుగా చూపిస్తుంది. గుజరాత్‌లో తులసీశ్యామ్ దగ్గర కూడా ఇలాంటి రోడ్డే ఉంది. కానీ నన్ను ఇప్పటికీ వదలని సంగతి వేరు. విషయం తెలిశాక మళ్ళీ చూశాను, తడి చార ఇంకా ఆరలేదు, పల్లమని బుద్ధికి తెలుసు, అయినా రోడ్డు ఎత్తుగానే కనిపించింది. కళ్ళు మూసి తెరిచాను, అటు చివరికి వెళ్ళి తిరిగి చూశాను. తెలిసినంత మాత్రాన కన్ను మారదు.

ఆ సాయంత్రం ఇంకోటి జరిగింది. బస దగ్గర్నుంచి ఒక గుట్ట కనిపిస్తుంటే, పది నిమిషాల నడకే కదా అని బయల్దేరాం. ముప్పావుగంట నడిచినా గుట్ట దగ్గరపడలేదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, అప్పటికి రెండు రోజులు రెస్ట్ తీసుకున్నా నాలుగడుగులకే ఆయాసం. మన వైపు గాలిలో తేమా దుమ్మూ ఉంటాయి కాబట్టి దూరంగా ఉన్నది మసగ్గా నీలంగా కనిపిస్తుంది, ఆ మసకని బట్టే మనకి తెలీకుండానే దూరం లెక్కేస్తాం. అక్కడ ఆ మసకే లేదు, ఎక్కడో ఉన్న కొండ మీద కూడా ఒక్కొక్క మడతా, ఒక్కొక్క రాయీ తెలుస్తుంటాయి. దూరపు కొండలు నునుపు అన్న మాట లడఖ్‌లో పుట్టి ఉండేది కాదు.

తిరిగొస్తూ దారిలో కూర్చున్నప్పుడు నాకు మా పాత ఇంటి పిట్టగోడ గుర్తొచ్చింది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నాన్న కట్టిన గోడ మట్టంగా ఉందో లేదో తనే రసమట్టం పెట్టి చూసుకుని మూడు వరసలు ఊడదీశాడు. "నున్నగా బానే ఉందిగా, ఎందుకీ చాదస్తం" అని నేను కేకలేశాను, నా స్నేహితుల ముందే. ఆయన ఏమీ అనకుండా ఇటుకలకి అంటుకున్న సిమెంటు గీక్కుంటూ కూర్చున్నాడు. చాలా ఏళ్ళు నాకు ఆయన మొండిమనిషిలాగే కనిపించాడు. ఈ మాట చెప్పి తప్పు నాదేనంటే, "ఆ గోడ సంగతి నాకు గుర్తే లేదు రా, ముందు లే, చలేస్తోంది" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మకి వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, "నీళ్ళు ఎత్తుకి పోతున్నాయేంటయ్యా!" అంది. నాన్న నవ్వి, అలమరలోంచి రసమట్టం తీసి మా వరండా గచ్చు మీద పెట్టాడు.

"ఇది మట్టంగా ఉందా, చెప్పు" అని అమ్మనే అడిగాడు.