మైపాడు ఇసుక, అక్వేరియం అద్దం మీద గీతలు

ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెడుతున్నానని చెప్పగానే అందరూ అడిగింది నీళ్ల గురించే. నెల్లూరులో ఉండి ఉప్పునీళ్లకి కరువేంటి? మా బావకి రొయ్యల గుంటలున్నాయి, ఆయనకి తెలిసిన హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించే చోటు) నుంచి ఫిల్టర్ చేసిన సముద్రపు నీళ్లు క్యాన్లలో వచ్చేస్తాయి, సెలినిటీ, అంటే ఉప్పుశాతం, 35 పీపీటీ (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) ఉందో లేదో చూసుకోడానికి ఉప్పు కొలిచే ఆయన రిఫ్రాక్టోమీటరే ఎత్తుకొచ్చేశాను. నేను బోల్తా పడింది ఇసుక దగ్గర.

ఊరికే దొరికేదాన్ని డబ్బులు పెట్టి కొనడమెందుకని మైపాడు బీచ్‌కి వెళ్లి మూడు బకెట్లు నింపుకొచ్చాను (అసలు ఒడ్డున ఇసుక ఎత్తడమే తప్పట, అదీ తర్వాతే తెలిసింది). కడిగి కడిగి చేతులు పాసిపోయాక మూడడుగుల ట్యాంకులో మూడంగుళాల మందాన పరిచాను. రెండు నెలలు బాగానే ఉంది. ఒకరోజు అద్దం మీది పాచి గీకే అయస్కాంతం తిప్పుతుంటే కరకరమని చప్పుడు. బయటికి తీసి చూస్తే దాని చుట్టూ నల్లటి మీసాల్లా ఇసుక నిక్కబొడుచుకుని ఉంది, అద్దం మీద జానెడు పొడవున గీతలు పడిపోయాయి. అల వెనక్కి పోయినప్పుడు మన ఒడ్డున నల్లటి చారలు మిగుల్తాయి చూశారా, ఆ ఇసుకే. అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది, అయస్కాంతం కనిపిస్తే చాలు పట్టేసుకుంటుంది.

కోపమొచ్చి అదే రోజు ఇసుకంతా తీసేద్దామని చెయ్యి పెట్టి కెలికాను. అది ఇంకా పెద్ద తప్పు. అడుగున నల్లటి పొర, గుప్పున కుళ్లిన గుడ్డు వాసన, పది నిమిషాల్లో రెండు క్లౌన్ చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. బావకి ఫోన్ చేస్తే తిట్టాడు. "అబ్బయా, గుంట అడుగు కెలికితే రొయ్య ఏమవుద్దో ఇన్నేళ్లుగా చూస్తా ఉండావు గదా!" సన్నటి ఇసుక మందంగా పరిస్తే కిందికి ఆక్సిజన్ దిగదు, పడిన మేత అక్కడే కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. గుంటలో అయినా గాజు డబ్బాలో అయినా సంగతి అదే. సగం నీళ్లు మార్చి, రెండు ఎయిర్ పంపులు పెట్టి రాత్రంతా కాపలా కాశాను. చేపలు బతికాయి.

తర్వాత ఏ ఇసుక వెయ్యాలనేది. గూడూరు పక్క చిల్లకూరు, కోట మండలాల వైపు నుంచి గాజు ఫ్యాక్టరీలకి పోయే సిలికా ఇసుక పాలలా తెల్లగా ఉంటుంది. దానివల్ల గోధుమరంగు పాచి పడుతుందని భయపెడతారు గానీ, కొత్త ట్యాంకులో ఏ ఇసుక వేసినా ఆ పాచి మొదట్లో రానే వస్తుంది. నాకు సన్నదనమే నచ్చలేదు. గుల్లల ముక్కలు చూశాను, సందుల్లో మేత ఇరుక్కుంటుంది. పగడపు ముక్కలు అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో 2001 నుంచి పగడాలున్నాయి.

చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్ల అరగొనైట్ (సున్నపురాయి జాతి ఇసుక) 25 కిలోలు కొన్నాను. అసలుదేనా అని వెనిగర్ చుక్క వేస్తే బుస్సుమని పొంగింది. ఇది వేస్తే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) దానంతటదే నిలబడుతుందని చెప్తారు, నమ్మకండి. నీళ్లు 8.2 దగ్గరుంటే ఇది కరగదు, టెస్ట్ కిట్ పని టెస్ట్ కిట్‌దే.

ఈసారి తొందరపడలేదు. నీళ్లు మార్చే రోజున గొట్టంతో పాత ఇసుక పావు వంతు మాత్రం లాగేయడం, కడిగిన కొత్తది పీవీసీ పైపులోంచి మెల్లగా అడుక్కి జార్చడం, రెండు వారాలు ఆగి అమ్మోనియా సున్నా ఉంటేనే మళ్లీ పావు వంతు. ఇసుకని పట్టుకున్న బ్యాక్టీరియా అంతా ఒక్కసారే పోతే చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియా సంగతి చూసేవాళ్లుండరు మరి. మందం ఒకటిన్నర అంగుళమే ఉంచాను. మొదటి విడత అయ్యాక ట్యాంకు రెండ్రోజులు మజ్జిగలా ఉంది, టెన్షన్ పడ్డాను గానీ తర్వాత తేరుకుంది. ఇప్పుడు గోబీ చేప ఒకటి నోటినిండా ఇసుక తీసుకుని మొప్పల్లోంచి వదుల్తూ పొద్దంతా దుక్కి దున్నినట్టు దున్నుతోంది.

పాత ఇసుక మిద్దె మీద అలానే ఉంది. మొక్కల్లో పొయ్యలేం. గోడ మాసికలకైనా వాడమని అమ్మ మేస్త్రీని అడిగితే చిటికెడు నోట్లో వేసుకుని ఊసి, "ఉప్పు తేలుద్దమ్మా" అని వెళ్లిపోయాడు.