మూడు దేశాల రికార్డుల్లో ఒక్క గగనపోరు: నా అనుభవం

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 ఆగస్టు 26న ఫ్రాన్స్‌లోని బపోమ్–కాంబ్రే రోడ్డు పరిసరాల్లో అమెరికా 17వ ఏరో స్క్వాడ్రన్ (విమాన దళం) ఆరు సాప్‌విత్ క్యామెల్ యుద్ధ విమానాలను పోగొట్టుకుంది. పైలట్లు అమెరికన్లు, విమానాలు బ్రిటిష్‌వి, ఆర్డర్లు ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) వింగ్‌వి, ఎదురుగా ఉన్నది జర్మన్లు. అందుకే ఆ పోరు పూర్తి వివరం ఏ ఒక్క దేశం దగ్గరా దొరకదు, మూడు చోట్ల నుంచి ఏరి జోడించాల్సిందే.

నేను అమెరికా వైపు నుంచి మొదలుపెట్టాను. గొరెల్ హిస్టరీ పేరుతో ఎయిర్ సర్వీస్ (అప్పటి అమెరికా సైనిక విమాన విభాగం) కాగితాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఎం990 మైక్రోఫిల్మ్‌లో, 58 రోల్స్‌గా ఉన్నాయి. స్క్వాడ్రన్ చరిత్రలు సిరీస్ ఇ లో దొరుకుతాయి. ఆ పోరులో 148వ స్క్వాడ్రన్ కూడా ఉంది కాబట్టి దాని పేజీలూ చదవాలి.

బ్రిటిష్ కాంబాట్ రిపోర్టులు (పోరు నివేదికలు) లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఎయిర్ 1 సిరీస్‌లో ఉన్నాయి. పైలట్ పేరు కన్నా విమానం సీరియల్ నంబరును పట్టుకోవడం మేలు. ఒక అక్షరం, ఆ వెనక అంకెలు, అంతే. చేతిరాతలో బి, డి ఒకేలా కనిపిస్తాయి, 1, 7 కూడా అంతే. నష్టాల జాబితాతో పోల్చాకే నమ్మాలి.

ఎక్కువమంది తడబడేది రిపోర్టులో మ్యాపు కోడ్‌గా రాసిన పోరు చోటు దగ్గర. ఉదాహరణకు 57సి.ఐ.16.బి.3.6 అని ఉంటే 57సి మ్యాపు షీటు, ఐ పెద్ద గడి, 16 అందులో వెయ్యి గజాల చదరం. దాన్ని నాలుగు చేస్తే బి ఈశాన్య భాగం. దాని నైరుతి మూల నుంచి ముందు తూర్పుకు 3, తర్వాత ఉత్తరానికి 6 కొలవాలి, ఒక్కో అంకె 50 గజాలు. తిరగేసి కొలిస్తే వేరే చోటికి పోతాం. ఈ గడులున్న ట్రెంచ్ మ్యాపులు (అప్పటి యుద్ధ కందకాల మ్యాపులు) స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉచితం.

జర్మన్ వైపు కష్టమే. పోట్స్‌డామ్ సైనిక రికార్డుల్లో చాలా భాగం 1945 బాంబు దాడిలో కాలిపోయింది. మిగిలినవాటిలో నాకు పనికొచ్చేది వాళ్ల వైమానిక దళం అచ్చేసిన వార్తాపత్రం. అందులో టైము చూసేటప్పుడు జాగ్రత్త, ఆ ఆగస్టులో జర్మన్ గడియారం మిత్రపక్షాలకన్నా గంట ముందుంది. ఆ గంట తీసేయకపోతే ఒకే పోరు రెండుగా కనిపిస్తుంది.

విజయాల లెక్కలూ ఒకటి కావు. శత్రు విమానం అదుపు తప్పి కిందికి పోయినా బ్రిటిష్‌వాళ్లు విజయంగానే రాశారు. ముగ్గురు కలిసి కూల్చితే అమెరికన్లు ఒక్కొక్కరికీ ఒక పూర్తి విజయం ఇచ్చారు. కాబట్టి స్క్వాడ్రన్ మొత్తం కావాలంటే పైలట్ల అంకెలు కూడకుండా సీరియల్, సమయం, చోటు పక్కపక్కన రాసుకుని పడిన విమానాలనే లెక్కపెట్టాలి.